మినీడిస్క్‌పైకి సీడీ నకలు, పాటల పేర్ల నమోదు

మినీడిస్క్ అనేది సోనీ సంస్థ 1992లో మార్కెట్లోకి తెచ్చిన డిజిటల్ ధ్వని మాధ్యమం. పొట్టిగా ఎండీ అంటారు. సీడీలోని పాటలను దీనిమీదికి రికార్డు చేసుకుని, ఒక్కో పాటకు పేరు చేర్చి, కావలసిన వరుసలో పెట్టుకోవడం దీని ముఖ్యమైన వాడుక. జపాన్‌లో ఎండీని విరివిగా వాడారు. తెలుగు రాష్ట్రాల్లో మాత్రం అది ఇళ్లలోకి పెద్దగా రాలేదు. హైదరాబాద్ తూర్పు వైపున ఉప్పల్, నాచారం, ఘట్‌కేసర్ వంటి చోట్ల శ్రోతలు క్యాసెట్టు నుంచి ఎంపీ3 సీడీకి, అక్కడి నుంచి మొబైల్ మెమరీ కార్డుకు మారిపోయారు. అయినా పాటను ఎలా ఎక్కించాలి, దాన్ని ఏ పేరుతో గుర్తుపట్టాలి అన్న రెండు ప్రశ్నలూ అన్ని మాధ్యమాలకూ ఒకటే. మొదటి పనిని యంత్రం దాదాపు తనంతట తానే చేస్తుంది. రెండోది మనిషి చేయాలి, తెలుగు పాటల విషయంలో అదే ఎక్కువ చిక్కు.

నిర్మాణం, పనితీరు

మినీడిస్క్ 64 మిల్లీమీటర్ల వ్యాసం గల బిళ్ల. 72 మి.మీ. పొడవు, 68 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం గల ప్లాస్టిక్ పెట్టెలో ఇది శాశ్వతంగా ఉండిపోతుంది. పెట్టెకున్న జారుడు మూత యంత్రంలోకి వెళ్లాకే తెరుచుకుంటుంది. అందుకే సీడీకి పట్టే గీతలు, వేలిముద్రలు దీనికి పట్టవు.

రికార్డు చేసుకునే డిస్కులో టెర్బియం, ఇనుము, కోబాల్ట్‌ల మిశ్రమలోహపు పొర ఉంటుంది. లేజర్ కిరణం ఒక చుక్కను సుమారు 180 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేస్తుంది. ఆ వేడిలో పొర తన పాత అయస్కాంత దిశను కోల్పోతుంది. డిస్కుకు రెండో వైపున ఉన్న అయస్కాంత శీర్షం దానికి కొత్త దిశను ఇస్తుంది, చల్లారగానే ఆ దిశ స్థిరపడుతుంది. చదివేటప్పుడు తక్కువ శక్తి గల లేజర్ చాలు. పొర నుంచి తిరిగివచ్చిన కాంతి ధ్రువణంలోని తేడాను బట్టి యంత్రం సున్నా ఏదో, ఒకటి ఏదో పోల్చుకుంటుంది. కంపెనీలు పాటలు నింపి అమ్మిన ఎండీలు వేరే రకం. వాటిలో సీడీలో లాగే గుంటలుంటాయి, వాటిపై మళ్లీ రాయడం కుదరదు.

సీడీలోని ధ్వని సెకనుకు 1,411 కిలోబిట్లు. ఎండీలో అంత చోటు లేదు కాబట్టి అట్రాక్ అనే కుదింపు పద్ధతితో దాన్ని 292 కిలోబిట్లకు, అంటే దాదాపు అయిదో వంతుకు తగ్గిస్తారు. అట్రాక్ ధ్వనిని మూడు పౌనఃపున్య భాగాలుగా విడదీస్తుంది. గరిష్ఠంగా 11.6 మిల్లీసెకన్ల ముక్కలను పరిశీలించి, పెద్ద శబ్దం చాటున చెవికి అందని చిన్న శబ్దాలకు తక్కువ బిట్లు కేటాయిస్తుంది. కాబట్టి ఎండీ నకలు సీడీకి బిట్టు బిట్టుగా ప్రతిరూపం కాదు.

చరిత్ర

సోనీ 1991లో ఎండీని ప్రకటించింది. తొలి రికార్డరు ఎంజెడ్-1 1992 నవంబరులో జపాన్‌లో విడుదలైంది. క్యాసెట్టు స్థానాన్ని ఆక్రమించడమే లక్ష్యం. అదే ఏడు ఫిలిప్స్, మత్సుషితాలు డిజిటల్ కాంపాక్ట్ క్యాసెట్టును తెచ్చాయి గాని, 1996 నాటికే అది మూతపడింది. ఎండీ నిలబడింది. 60, 74, తర్వాత 80 నిమిషాల డిస్కులు వచ్చాయి. 2000లో వచ్చిన ఎండీఎల్పీ పద్ధతిలో సెకనుకు 132 కిలోబిట్ల ఎల్పీ2తో రెట్టింపు సమయం, 66 కిలోబిట్ల ఎల్పీ4తో నాలుగింతలు లభించింది. 2001లో కంప్యూటరుకు తీగతో కలిపే నెట్ఎండీ, 2004లో ఒక గిగాబైటు డిస్కుతో హై-ఎండీ వచ్చాయి. 2006 నాటి ఎంజెడ్-ఆర్‌హెచ్1 సోనీ ఎండీ జేబు రికార్డర్లలో చివరిది. 2011లో ఎండీ వాక్‌మన్‌లను, 2013లో ఎండీ స్టీరియోలను సోనీ నిలిపివేసింది. ఖాళీ రికార్డింగ్ డిస్కుల తయారీ కూడా 2025 ఫిబ్రవరితో ఆగిపోయింది.

నకలు తీసే పద్ధతులు

సీడీ నుంచి ఎండీకి పాట చేరడానికి నాలుగు దారులున్నాయి.

మొదటిది అనలాగ్ తీగ. సీడీ ప్లేయరు లైన్ అవుట్ నుంచి రికార్డరు లైన్ ఇన్‌కు తీగ కలుపుతారు. ధ్వని మట్టాన్ని చేత్తో సరిచూసుకోవాలి. పాటలో అన్నిటికన్నా పెద్ద శబ్దం వచ్చే చోటును ముందుగా వినిపించి, మీటరు చివరి గీత దాటకుండా పెట్టుకోవాలి. టేపులో మట్టం కాస్త ఎక్కువైనా చెల్లిపోయేది. డిజిటల్‌లో హద్దు దాటిన ప్రతిసారీ ధ్వని తెగి, కరకరమంటుంది.

రెండోది ఆప్టికల్ తీగ. ఇందులో అంకెలే కాంతి రూపంలో వెళ్తాయి కాబట్టి మట్టం సరిచూసే పని లేదు. సీడీలోని పాటల హద్దులు కూడా వాటంతట అవే ఎండీలో పడతాయి. పాట ఎంతసేపుంటే నకలుకూ అంతసేపు పడుతుంది.

మూడోది సీడీ, ఎండీ రెండూ ఒకే పెట్టెలో ఉన్న జంట యంత్రం. కొన్ని మోడళ్లు నాలుగు రెట్ల వేగంతో నకలు తీస్తాయి. వీటిలో ఒక అడ్డుకట్ట ఉంది. ఒక పాటను వేగంగా నకలు తీశాక 74 నిమిషాల పాటు అదే పాటను మళ్లీ వేగంగా తీయనివ్వదు. ఒక్క సీడీ నుంచి వరసగా డిస్కులు నింపి అమ్మకుండా పెట్టిన నియమమిది.

నాలుగోది నెట్ఎండీ. సీడీని ముందు కంప్యూటరులోకి తీసుకుని, అక్కడి నుంచి యూఎస్‌బీ తీగ ద్వారా డిస్కుకు పంపుతారు. ఎల్పీ పద్ధతుల్లో ఇది పాట నిడివి కన్నా ఎన్నో రెట్లు వేగం. పేర్లు కూడా కంప్యూటరు కీబోర్డు మీదే రాసుకోవచ్చు.

ఆప్టికల్ దారిలో మరో నియమం పనిచేస్తుంది. వరుస నకళ్ల నియంత్రణ పద్ధతి ప్రకారం సీడీ నుంచి ఎండీకి ఒక డిజిటల్ నకలు తీయవచ్చు. ఆ ఎండీ నుంచి మరో ఎండీకి డిజిటల్‌గా తీయబోతే యంత్రం ఒప్పుకోదు. అనలాగ్ తీగకు ఈ అడ్డు లేదు.

ట్రాకు గుర్తులు

పేరు పెట్టాలంటే ముందు పాటకు మొదలు, తుది ఉండాలి. ఆప్టికల్ నకలులో సీడీ హద్దులే వస్తాయి కాబట్టి చిక్కు లేదు. అనలాగ్ నకలులో రెండు సెకన్ల పాటు నిశ్శబ్దం కనిపిస్తే కొత్త పాట మొదలైందని యంత్రం అనుకుంటుంది. సినిమా పాటలకు ఈ లెక్క బాగానే సరిపోతుంది. శ్లోకం, ఆగి వివరణ, మళ్లీ శ్లోకం అన్న తీరులో సాగే ఘంటసాల భగవద్గీత వంటి రికార్డులో మాత్రం ఆగిన చోటల్లా గుర్తు పడే ప్రమాదముంది. సభలో జరిగిన కచేరీ రికార్డులో దీనికి తలకిందులు. చప్పట్లు, తంబురా శ్రుతి నిశ్శబ్దానికి చోటివ్వవు కాబట్టి గంటసేపూ ఒకే ట్రాకుగా మిగిలిపోతుంది.

ఈ రెంటినీ తర్వాత దిద్దుకోవచ్చు. ఎండీలో ట్రాకును చీల్చడం, రెంటిని కలపడం, స్థానం మార్చడం, చెరిపివేయడం అనే నాలుగు దిద్దుబాట్లున్నాయి. వీటికి ధ్వనిని కదపనక్కర్లేదు, పట్టికలోని అంకెలు మారితే చాలు. ట్రాకుల మధ్య ఖాళీ లేకుండా వినిపించడం ఎండీకి పుట్టుకతో ఉన్న గుణం. కాబట్టి హరికథనో, పద్యనాటకాన్నో పది ట్రాకులుగా చీల్చినా వినికిడిలో తెగదు.

పట్టికలో పేర్లు

పేర్లుండేది వాడుకరి విషయ పట్టికలో. ఏ పాట డిస్కుపై ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, దాని పేరేమిటో ఇందులో రాసి ఉంటుంది. గరిష్ఠంగా 255 ట్రాకులు పడతాయి. పేర్ల విభాగంలో ఏడేసి అక్షరాల గళ్లు 255 ఉన్నాయి. మొత్తం 1,785 అక్షరాలు, అయితే కంపెనీల చిన్న పుస్తకాల్లో సుమారు 1,700 అని రాస్తారు. పేరు ఏడు అక్షరాలు దాటితే తర్వాతి గడిలోకి సాగుతుంది. గడిలో ఒక్క అక్షరమే పడినా గడి మొత్తం ఖర్చయినట్టే.

శంకరాభరణం సినిమా పేరును రోమన్ లిపిలో అతి సాదాగా రాస్తే 15 అక్షరాలు. అంటే రెండు గళ్లు నిండి, మూడో గడిలో ఒక్క అక్షరం పడుతుంది, మిగతా ఆరు చోట్లూ వృథా. 74 నిమిషాల డిస్కులో సాధారణ పద్ధతిన పదిహేను పాటలుంటే ఇది పట్టించుకోవలసిన సంగతి కాదు. అదే డిస్కును ఎల్పీ4లో 296 నిమిషాలకు వాడి అరవై పాటలు నింపితే ఒక్కో పాటకు నాలుగు గళ్లు, అంటే 28 అక్షరాలే మిగులుతాయి. ఎల్పీ పద్ధతి అని తెలిపేందుకు యంత్రం ప్రతి పేరు ముందూ చేర్చే మూడు అక్షరాల ముద్రను తీసేస్తే 25. అందులో సినిమా పేరుకే 15 పోతే పాటకు పది మిగిలాయి.

పాత జేబు రికార్డర్లలో పేరు రాయడం ఓపికతో కూడిన పని. చక్రం తిప్పి అక్షరం ఎంచుకోవాలి, నొక్కాలి, మళ్లీ తిప్పాలి. చిన్నబడి (లోయర్ కేస్), పెద్దబడి (అప్పర్ కేస్) అక్షరాలు, అంకెలు, గుర్తుల మధ్య మారడానికి వేరే మీట. బల్లమీది డెక్కుల రిమోట్లపై అక్షరాల మీటలుండేవి. కొన్ని డెక్కులకు కంప్యూటరు కీబోర్డు తగిలించే వీలూ ఉండేది. 1996లో వచ్చిన సీడీ-టెక్స్ట్ ప్రకారం పేర్లున్న సీడీ అయితే, తగిన జంట యంత్రాలు ఆ పేర్లను కూడా నకలు చేసేవి.

తర్వాతి యంత్రాల్లో గుంపుల సౌకర్యం వచ్చింది. ఒకటి నుంచి ఆరు వరకు ఒక సినిమా, ఏడు నుంచి పన్నెండు వరకు ఇంకొకటి అని విడదీసుకోవచ్చు. ఈ వివరం కోసం ప్రమాణంలో వేరే చోటు లేకపోవడంతో, డిస్కు పేరులోనే అంకెలూ గీతలూ కలిపి దాచారు. అందుకే గుంపులు తెలియని పాత యంత్రంలో ఆ డిస్కు పెడితే పేరున్న చోట అర్థంకాని అంకెల వరస కనిపిస్తుంది.

ఈ పట్టిక రికార్డు చేస్తున్నంతసేపూ యంత్రం జ్ఞాపకంలోనే ఉంటుంది. ఆపు మీట నొక్కినప్పుడో, డిస్కు బయటికి తీసేటప్పుడో డిస్కుపై రాస్తుంది. ఆ కొద్ది సెకన్లు తెరపై టీఓసీ (విషయ పట్టిక) అనే మాట మెరుస్తూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోతే ధ్వని డిస్కుపై ఉండి కూడా పట్టికలో లేదు కాబట్టి యంత్రం దృష్టిలో ఆ పాటలు లేవు. కరెంటు కోతలున్న చోట బ్యాటరీతో నడిచే జేబు రికార్డరు, లేదా యూపీఎస్ వెనుక పెట్టిన డెక్కు సురక్షితం. జపాన్ నుంచి తెచ్చిన డెక్కుకు ఇంకో జాగ్రత్త కావాలి. అక్కడి సరఫరా 100 వోల్టులు, మనది 230. మధ్యలో వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు లేకుండా ప్లగ్గు పెడితే యంత్రం కాలిపోతుంది.

తెలుగు పేర్లు, రోమన్ అక్షరాలు

ఎండీ ప్రమాణంలో పేర్లకు రెండు రకాల లిపులకే చోటుంది. ఒకటి రోమన్, రెండోది జపాన్ లిపులు. యూనికోడ్ తొలి వెర్షన్ 1991లో వచ్చింది, తెలుగుకు అందులో 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు స్థానాలున్నాయి. భారతీయ ప్రమాణమైన ఇస్కీ కూడా 1991లోనే ఖరారైంది. ఎండీని ప్రకటించిందీ అదే ఏడాది. ఇవి రెండూ వాడుకలోకి రాకముందే ఎండీ పట్టిక అచ్చు గట్టిపడిపోయింది. కాబట్టి తెలుగు పాటకు ఎండీలో రోమన్ పేరే గతి.

సాదా రోమన్‌లో మొదటి ఇబ్బంది ట, త తేడా. పాట, పాత అనే రెండు మాటలూ ఒకే తీరున కనిపిస్తాయి. ‘పాత పాటలు’ అని రాయబోతే రెండు మాటల మొదలూ ఒకటే అవుతుంది. డ, ద; ణ, న; ళ, ల విషయంలోనూ ఇంతే. దీనికి పరిష్కారం అమెరికాలోని తెలుగువాళ్ల దగ్గర అప్పటికే ఉంది. 1990ల తొలినాళ్లలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్‌లు రూపొందించిన ఆర్టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతిలో ట, డ, ణ, ళలకు పెద్దబడి అక్షరాలు, త, ద, న, లలకు చిన్నబడి అక్షరాలు వాడతారు. ఎండీలో రెండు బడులూ ఉన్నాయి కాబట్టి ఈ పద్ధతి అందులోనూ చెల్లుతుంది. దీర్ఘానికి అక్షరాన్ని రెండుసార్లు రాయడానికి బదులు పెద్దబడి ఒక్కటి వాడితే గడిలో చోటు కూడా కలిసొస్తుంది.

రెండో ఇబ్బంది పాట పేరుది. పాశ్చాత్య సంగీతంలో పాటకు విడిగా పేరు పెడతారు. తెలుగు సినిమా పాటను పల్లవి తొలి మాటలతోనే గుర్తుపడతారు, అన్నమయ్య సంకీర్తనకూ అదే రివాజు. త్యాగరాజ కృతికి రాగం పేరు కూడా జోడించాలి. వేరువేరు సినిమాల్లో ఒకే మాటలతో మొదలయ్యే పల్లవులుంటాయి కాబట్టి సినిమా పేరు లేకపోతే ఏది ఏదో తేలదు. సినిమా పేరును డిస్కు పేరులోనో, గుంపు పేరులోనో ఒక్కసారే రాసి, ట్రాకుకు పల్లవి రెండు మూడు మాటలు మాత్రం ఇవ్వడం చోటు ఆదా చేసే పద్ధతి.

మూడోది ఒకరు రాసినట్టు ఇంకొకరు రాయకపోవడం. 1990లలో మొదలైన సీడీడీబీ అనే సమాచార నిధి, సీడీలోని పాటల నిడివులను బట్టి దాన్ని గుర్తుపట్టి, వాడుకరులే పంపిన పేర్లను తిరిగి అందించేది. తర్వాత గ్రేస్‌నోట్ అని పేరు మారిన ఈ సంస్థను 2008లో సోనీయే కొన్నది. ఒకే తెలుగు సీడీకి ఇద్దరు రెండు వర్ణక్రమాలు పంపవచ్చు. నెట్ఎండీతో డిస్కు నింపేవారు అక్కడి పేర్లను దించుకున్నా ఒకసారి దిద్దుకోవలసి వచ్చేది.

తెలుగు నాట నకళ్ల పరంపర

తెలుగు సినిమా ఆల్బమ్ అంటే అయిదారు పాటలు, సుమారు అరగంట. అందుకే క్యాసెట్టుకు ఒక వైపు ఒక సినిమా, రెండో వైపు ఇంకో సినిమా వేసి అమ్మడం పరిపాటిగా ఉండేది. కొన్న క్యాసెట్టుతో పాటు ఇంకో దారి రికార్డింగ్ సెంటరు. కావలసిన పాటల జాబితా, ఖాళీ క్యాసెట్టు ఇస్తే అక్కడ నింపి ఇచ్చేవారు. డబ్బాలోని అట్ట కాగితం మీద గీతల వెంబడి పల్లవి, సినిమా పేరు తెలుగులోనే చేత్తో రాసేవారు. ఎండీ పట్టిక చేయలేని పనిని ఆ కాగితం చేసింది.

హైదరాబాద్ తూర్పు అంచుకు సినిమాతో దగ్గరి సంబంధమే ఉంది. ఎన్.టి.రామారావు స్థాపించిన రామకృష్ణా స్టూడియో నాచారంలోనే ఉంది. సినిమా పాటలు విడుదల చేసే ఆదిత్య మ్యూజిక్ కూడా హైదరాబాద్ సంస్థే. ఎలక్ట్రానిక్ సరుకుకు, విడిభాగాలకు ఈ ప్రాంతం వాళ్లూ కోఠిలోని గుజరాతీ గల్లీకే వెళ్తారు. పాటలకూ, యంత్రాలకూ ఇంత దగ్గరగా ఉన్నా ఎండీ ఇక్కడ పాతుకోలేదు. క్యాసెట్టు ప్లేయరు చవక, ఖాళీ క్యాసెట్టు ఎక్కడైనా దొరికేది. ఆ తర్వాత వచ్చిన ఎంపీ3 సీడీ ఒక్కదానిలో వందకు పైగా పాటలు పట్టేవి, దాన్ని కంప్యూటరున్న ఎవరైనా రాసుకోగలిగేవారు. అన్ని పాటలకు ఎండీలు ఏడెనిమిది కావాలి, వాటికి ప్రత్యేక యంత్రమూ కావాలి.

మొబైల్ ఫోన్లు వచ్చాక దుకాణాల్లో మెమరీ కార్డులోకి ‘పాటలు ఎక్కించడం’ కొత్త వ్యాపారమైంది. ఇక్కడా పేర్ల గొడవ తప్పలేదు. ఎంపీ3 ఫైలులో పాట వివరాలుండే భాగాన్ని ఐడీ3 పట్టీ అంటారు; 1996 నాటి తొలి పట్టీలో పాట పేరుకు 30 అక్షరాలే చోటు. ఎన్నో ఫైళ్లకు ట్రాకు 1, ట్రాకు 2 అన్న పేర్లే ఉండేవి. మరికొన్నింట్లో గాయకుడి పేరుండవలసిన చోట అక్రమంగా పాటలు పంచే వెబ్‌సైటు పేరు కనిపించేది. 1998లో వచ్చిన రెండో తరం పట్టీ యూనికోడ్‌ను అంగీకరించింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంటు అందుబాటులోకి వచ్చాక తెలుగులోనే పేరు రాయడం సాధ్యమైంది. శంకరాభరణం అనే మాటకు యూనికోడ్‌లో తొమ్మిది సంకేతాలు చాలు.

చట్టం

భారత కాపీరైటు చట్టం, 1957 ప్రకారం ధ్వని ముద్రణను మళ్లీ తయారు చేసే హక్కు దాని హక్కుదారుదే. సెక్షన్ 52(1)(ఎ) సొంత వాడుకకు న్యాయమైన వినియోగాన్ని మినహాయిస్తుంది. మొదట ఈ మినహాయింపు సాహిత్య, నాటక, సంగీత, కళా రచనలకే ఉండేది. 2012 సవరణతో కంప్యూటరు ప్రోగ్రాములు తప్ప అన్ని రచనలకూ, అంటే ధ్వని ముద్రణలకూ వర్తించింది. అమెరికాలో 1992 నాటి ఇంటి రికార్డింగ్ చట్టం డిజిటల్ రికార్డర్లపై 2 శాతం, ఖాళీ మాధ్యమంపై 3 శాతం రుసుము విధించి, వరుస నకళ్ల నియంత్రణను తప్పనిసరి చేసింది. భారత్‌లో అలాంటి రుసుము లేదు. కొన్న సీడీని తన కోసం నకలు తీసుకోవడం వేరు, పదిమందికి నింపి అమ్మడం వేరు. రికార్డింగ్ సెంటర్ల వ్యాపారం రెండో కోవలోకే వస్తుంది.

నేటి స్థితి, భద్రపరచడం

ఇప్పుడు ఎండీపైకి కొత్తగా నకలు తీసేవారు ఎక్కువగా పాత యంత్రాలను ఇష్టపడేవారే. సోనీ పాత సాఫ్ట్‌వేరుతో పనిలేకుండా, బ్రౌజరు నుంచే నెట్ఎండీ యంత్రానికి పాటలు, పేర్లు పంపే వెబ్ మినీడిస్క్ అనే ఉచిత పనిముట్టు వారికి అందుబాటులో ఉంది.

నింపి పెట్టుకున్న డిస్కులున్నవారికి మాత్రం అసలు పని ఎదురు దిశలో ఉంది. సీడీ నుంచి తీసిన పాటలకు తొందర లేదు, సీడీ ఉంటే మళ్లీ తీసుకోవచ్చు. మైకుతో రికార్డు చేసిన కచేరీ, ఇంట్లో పెద్దలు పాడిన పాట ఎండీ తప్ప ఇంకెక్కడా ఉండవు. ఎంజెడ్-ఆర్‌హెచ్1 మామూలు ఎండీ రికార్డింగులను కూడా యూఎస్‌బీ ద్వారా కంప్యూటరుకు చేర్చేలా తయారైంది. ఆప్టికల్ అవుట్ ఉన్న డెక్కుతో పాట నిడివి మేరకు సమయం పెట్టి తీసుకోవడం ఇంకో దారి. ఈ రెండో దారిలో ధ్వని వస్తుంది గాని, పేర్లు రావు. అందుకని ముందుగా తెరపై కనిపించే పేర్లన్నీ వరుస సంఖ్యలతో రాసుకోవాలి. రోమన్‌లో కుదించిన పేరు చూసి పాట గుర్తుపట్టగలిగే మనిషి దగ్గరున్నప్పుడే పూర్తి పల్లవి, సినిమా, పాడినవారు, రికార్డు చేసిన తేదీ తెలుగులో నింపుకుంటే, ఆ పట్టిక తర్వాతి మాధ్యమానికీ పనికొస్తుంది.